క్రొత్త ఇంజను – దీవి దారి
(సంఘ వార్షికసభలో చేసిన ప్రసంగపాఠము)



సిప్పీఘాట్ అనగానే ఇచటివారికి రెండు విషయములు జ్ఞప్తికి వచ్చును. ఒకటి, లవంగము, జాజికాయ, దాల్చినచెక్క పెంచు ప్రభుత్వ వ్యవసాయక్షేత్రము. రెండవది, 2004 డిసెంబరు 26వ తేదీనాటి భూకంపము, ఆ వెంటనే వచ్చిన సునామీ. ఆనాడు పోర్ట్ బ్లెయిర్ పరిసరములలో నేల సుమారు ఒక మీటరు క్రుంగినది. సిప్పీఘాట్ వరిపొలములలోనికి ఎక్కిన ఉప్పునీరు మరల పూర్తిగా దిగిపోలేదు. నాగలి సాగిన మళ్లలో కొంగలు నిలిచినవి. ప్రక్కనున్న రహదారి సయితము పోటు వేళ మునుగుచుండగా తరువాత దానిని ఎత్తు చేసినారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురమైనది గాని, సిప్పీఘాట్ పేరు మారలేదు; పట్టణమునుండి సుమారు 14 కిలోమీటర్ల దూరమును మారలేదు.

ఆ దారిమీద నేడు ఓడపై వచ్చిన క్రొత్త కార్లు తిరుగుచున్నవి. ఒకప్పుడు ప్రభుత్వోద్యోగికి కారన్నది కచేరీవారిదే గాని తనది కాదు. ఆ కచేరీ కారును చాలవరకు అంబాసిడరే. అందు ఎక్కువకాలము వాడిన పెట్రోలు ఇంజను 1489 ఘన సెంటీమీటర్లది. దాని బలము సుమారు 50 అశ్వశక్తులు. 2022లో మన దేశపు విపణికి వచ్చిన వోక్స్‌వాగన్ వర్టస్ జి.టి.లో నున్నదియు ఒకటిన్నర లీటరు ఇంజనే. దాని బలము 150. గానుగ కొలత పెరుగలేదు, పిండెడి నూనె మూడింతలైనది. ఇట్టి బలమైన కారును భవిష్యనిధినుండి కొంత తీసి, బ్యాంకు ఋణము కొంత చేర్చి, కొనువారు ఈ సంఘములోనే కలరు. పదేండ్లు నడువవలసిన వస్తువు అది. దాని తొలి రెండు మాసములను గూర్చి ఎవరును చెప్పక పోవుటచేతనో, చెప్పినవారు తలకొక మాట చెప్పుటచేతనో, కొన్న మొదటి వారముననే ఆ వస్తువునకు అపకారము జరుగుచుండును. ఆ తొలి కాలమునే మోటారు మేస్త్రీలు ‘రన్నింగ్-ఇన్’ అందురు. కోడెదూడను కాడికి అలవాటు చేయుట వంటిది ఈ పని. కాడి దింపకుండ తోలినను దూడ చెడును. కొట్టములో కట్టి ముద్దు చేసినను చెడును.

అపకారము సాధారణముగా పూజతో ఆరంభమగును. ఇందు పూజను తప్పుపట్టుట లేదు. సింహాచలము మెట్లచెంత నైనను, బెజవాడ కనకదుర్గమ్మ సన్నిధి నైనను, ఇచటి కోవెలల ముంగిట నైనను క్రొత్త వాహనమునకు పసుపు కుంకుమలు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి కదలించుట తెలుగువారి ఆచారము. చిక్కు నిమ్మకాయలతో లేదు. పంతులుగారు వచ్చువరకు, పిల్లలు చెమట పట్టకుండ, చలిగాలి యంత్రము నడుచుటకై ఇంజనును గంటసేపు నిలిపిన చోటనే తిరుగనిచ్చుటలో నున్నది. ఛాయాచిత్రములు ముగిసిన పిమ్మట బావమరిది ముందుకు వచ్చి, “బావగారూ, మీరు పక్క సీటులోకి జరగండి, పికప్పు ఎంతుందో ఒక్కసారి చూపిస్తాను” అనును. చల్లారి ఉన్న ఇంజనును గంటసేపు ఊరక త్రిప్పుట ఒక తప్పు. ఆపై ఒక్కసారిగా అంచువరకు తొక్కుట రెండవ తప్పు. ఒకే ఉదయమున రెండును జరుగుచున్నవి.

ఇవి తప్పులెట్లగునో తెలియుటకు ఇంజను లోపల ఒకసారి చూడవలెను. సిలిండరు గోడ పైకి అద్దమువలె నునుపుగా కనబడును గాని నిజమునకు అది నునుపు కాదు. కర్మాగారములో సానరాళ్లతో ఆ గోడమీద ఏటవాలుగా, ఒకదాని నొకటి ఖండించునట్లు, సన్నని గీతలు గీయుదురు. వెంట్రుక మందముకన్న ఎన్నోరెట్లు తక్కువ లోతు గల ఆ గీతలలో ఇంజను ఆయిలు నిలుచును. పిస్టను చుట్టునున్న ఉక్కు రింగులు ఆ గోడకు ఒరసికొనుచు పైకి క్రిందికి పోవుచుండును. ఆ రింగులకును గోడకును మధ్య సందు లేకుండ అమరినప్పుడే మండిన వాయువు యొక్క బలమంతయు పిస్టనుమీద పడును. సందున్నచో వాయువు క్రిందికి జారి ఆయిలును పాడుచేయును. ఆయిలు పైకి ప్రాకి పెట్రోలుతోపాటు మండిపోవును.

ఈ అమరిక యంత్రాలయమున సంపూర్తి కాదు. అరవైయేండ్లు దాటిన తల్లులకు ఈ విషయము సులభముగా బోధపడును. క్రొత్త తిరగలికి కక్కు కొట్టించి తెచ్చినప్పుడు వెంటనే అందులో కందులు పోయరు. మొదట తవుడో నూకలో పోసి త్రిప్పుదురు. రాతిపొడి రాలును, దానిని పారబోయుదురు. పై రాయియు క్రింది రాయియు ఒకదానికొకటి కుదిరిన తరువాతనే పప్పు విసురుదురు. కక్కు అరిగి నునుపైన తిరగలిలో ఎంత త్రిప్పినను గింజ నలుగదు, జారిపోవును. సిలిండరు గోడమీది గీతలు ఆ కక్కువంటివి. రింగుల అంచులు ఆ గీతల శిఖరములను కొంచెము కొంచెముగా అరగదీసి, తామును అరిగి, గోడకు సరిగా హత్తుకొనవలెను. గీతల లోయలు మాత్రము ఆయిలు నిలుచుటకై మిగులవలెను.

ఇందుకు కావలసినది వాయుబలము. పెట్రోలు మండినప్పుడు పుట్టిన ఒత్తిడి పై రింగు వెనుకకు దూరి, దానిని గోడవైపునకు త్రోయును. యాక్సిలరేటరును తగుమాత్రము నొక్కినప్పుడు ఆ త్రోపు గట్టిగా నుండును. ఇంజను ఊరక తిరుగుచున్నప్పుడు మిక్కిలి బలహీనముగా నుండును. త్రోపు లేని రింగు శిఖరములను కోయక ఆయిలు పొరమీద జారుచుండును. ఆ పొర వేడికి మాడి గోడమీద లక్కపూతవలె అంటుకొనును. గీతలు పూడిపోవును. అదే కక్కు పోయిన తిరగలి. అట్టి ఇంజను జీవితాంతము ఆయిలు త్రాగుచుండును, గోడలను మరల సాన పట్టించిన గాని బాగుపడదు. కనుకనే గంటసేపు నిలుపు పూజ మంచిది కాదు. ఇక బావమరిది తొక్కు సంగతి: రింగు ఇంకను గోడతో కొన్నిచోట్ల మాత్రమే తగులుచున్నది, ఆ కొద్దిచోట్లనే రాపిడి అంతయు చేరును, అచట వేడి హెచ్చి లోహము లోహమునకు క్షణకాలము అంటి, చిరుగును. పడిన గాటు మరల పోదు.

ఒక లెక్క చూడుడు. గంటకు 30 కిలోమీటర్ల సగటున 1,500 కిలోమీటర్లు పోవుటకు 50 గంటలు పట్టును. నిమిషమునకు 2,000 చుట్ల చొప్పున ఇంజను 60 లక్షల మారులు తిరుగును. చుట్టుకు రెండు గమనములు గనుక ప్రతి పిస్టనును కోటి ఇరువదిలక్షల మారులు గోడను రాసికొనును. అందు మొదటి కొన్ని లక్షల గమనములే రింగు భవిష్యత్తును చాలవరకు నిర్ణయించును.

ఈ విషయమున రెండు పక్షములున్నవి. మెల్లగా, అతిమెల్లగా, కోడిగ్రుడ్డుమీద నడచినట్లు నడుపవలెనని పెద్దల పక్షము. ఇంజనును మొదటి రోజుననే గట్టిగా తొక్కినగాని రింగులు కూర్చొనవని యువకుల పక్షము. రెండింటను సగము సత్యము కలదు. అంబాసిడరు కాలపు ఇంజనులలో నేటి సూక్ష్మత లేదు. బేరింగులు, కామ్‌లు, అన్నియు రోడ్డుమీదనే కుదురవలసి యుండెను. 1950లలో ఇంగ్లండులో క్రొత్త కారు వెనుక అద్దముమీద ‘ఇంకను అలవాటు చేయుచున్నాము, దయచేసి దాటి పొండు’ అను అర్థముగల చీటీ అంటించుకొని పోవుట అతి సాధారణము. పెద్దల మాటకు ఆ కాలము ప్రమాణము. నేటి కర్మాగారములో సాన ముగిసిన పిమ్మట గీతల శిఖరములను కూడ కొంత చదును చేయుదురు. కావున యువకుల మాటలోను బలమున్నది. కాని పందెపు ఇంజనును ఒక పోటీకో రెండు పోటీలకో కట్టుదురు, తరువాత విప్పుదురు. ఋణము తీరుటకు ఏడేండ్లు పట్టు కారునకు ఆ దృష్టాంతము చెల్లదు. అంతకన్న ముఖ్యమైన మాట: ఇంజను అమరినంతనే కారంతయు అమరినట్లు కాదు. గేరుబాక్సు పండ్లు, డిఫరెన్షియలు పండ్లు, బ్రేకులు, టైర్లు ఉన్నవి. వీనికి యువకుల పక్షమువారు సమాధానము చెప్పరు.

తయారీదారులు ఏమనుచున్నారో చూచుట మేలు. వోక్స్‌వాగన్ పుస్తకము తొలి 1,500 కిలోమీటర్లను నియమకాలముగా చెప్పును. మొదటి 1,000 కిలోమీటర్లలో యాక్సిలరేటరును చివరివరకు తొక్కరాదు. గరిష్ఠవేగములో మూడింట రెండు వంతులకు మించి ఇంజనును త్రిప్పరాదు. అనగా 6,000 చుట్లు హద్దైన ఇంజనునకు 4,000. తరువాతి 500 కిలోమీటర్లలో క్రమక్రమముగా పెంచవచ్చును. బి.ఎమ్.డబ్ల్యు. సంస్థవారి ‘ఎమ్’ తరగతి కార్లకు 2,000 కిలోమీటర్లు దాటగానే ప్రత్యేక పరీక్ష కలదు. అప్పుడు ఆయిలు మార్చుదురు. అమెరికావారు 2020 నమూనాగా తెచ్చిన షెవర్లే కార్వెట్టులో యజమాని నిగ్రహమును నమ్మలేదు. తొలి 500 మైళ్లవరకు ఒకటవ, రెండవ గేర్లలో ఇంజను బలమును కంప్యూటరే తగ్గించి ఉంచును. హోండావారు 2016లో మరల తెచ్చిన ఎన్.ఎస్.ఎక్స్. కారు ఇంజనులను కర్మాగారములోనే బల్లమీద నిలిపి, 150 మైళ్ల ప్రయాణమునకు సమానముగా నడిపి, ఆ పిమ్మటనే కారులో అమర్చిరి. ఒక్కొక్కరి మార్గము ఒక్కొక్కటి. కొన్నవారికి మాత్రము తమ కారు పుస్తకమే శాసనము. అది విప్పకుండ ప్లాస్టిక్ సంచిలోనే భద్రముగా నుండుట అనేక గృహములలో కానవచ్చును.

ఇక దీవి సంగతి. ఆ పుస్తకములను వ్రాసినవారి మనస్సులో నున్నది వందలకొలది కిలోమీటర్ల రహదారి. సిప్పీఘాట్‌లో నివసించి పట్టణములో పనిచేయు ఉద్యోగికి రాకపోకలు కలిసి దినమునకు 28 కిలోమీటర్లు. నెలకు 25 పనిదినములనిన 700. పదిహేనువందలు పూర్తియగుటకు రెండు మాసములు దాటును. ఉత్తరదిశగా పొడుగు ప్రయాణము చేసి త్వరగా ముగింతమని కొందరు తలతురు. జిర్కాటాంగ్ దాటిన తరువాత జరావాల రక్షితారణ్యము. అచట వాహనములు నిర్ణీతవేళలలో పోలీసు రక్షణతో బారులు తీరి పోవలెను. ఆగరాదు, ఒకదానినొకటి దాటరాదు. ఆ జనుల శాంతికై పెట్టిన నియమమది, దానిని అక్షరాల పాటింపవలెను. బారులో ఒకే మందగతిన పోవుట క్రొత్త ఇంజనునకు ఏమాత్రమును పాఠము కాదు. కనుక క్రొత్త కారుతో బారాతాంగ్ సున్నపురాతి గుహలకు పోదలచినవారు మొదటి మాసము ఆగుట మంచిది.

సిప్పీఘాట్ దారి ఈ పనికి తగినదే. గరాచర్మ వైపున జనసమ్మర్దము, మలుపులు, ఎత్తుపల్లములు. వండూరు వైపున కొంత విడువు. ఒకే వేగమున పోవుటకు వీలుకాని దారి. అదియే కావలసినది. క్రొత్త ఇంజనునకు విసుగు పుట్టించునది ఒకే వేగము. వేగము పెంచుట, తగ్గించుట, గేర్లు మార్చుట, ఎత్తెక్కునప్పుడు తగుమాత్రము భారము మోపి, దిగునప్పుడు యాక్సిలరేటరును విడిచి గేరులోనే జారనిచ్చుట: ఇదే అలవాటు చేయుటలోని కిటుకంతయు. ఎక్కునప్పుడు రింగు గోడను ఒత్తును. దిగునప్పుడు ఒత్తిడి తగ్గి గోడకు ఆయిలు చేరును, వేడి పోవును. ఒత్తుట, విడుచుట, మరల ఒత్తుట. పై గేరులో, తక్కువ చుట్లమీద, యాక్సిలరేటరును గట్టిగా నొక్కి ఇంజనును మూలిగించుట మాత్రము కూడదు. ‘మెల్లగా నడుపుచున్నాను గదా’ అని తృప్తిపడు పెద్దలు ఎక్కువగా చేయు తప్పిదమిదే. ఎత్తున గేరు తగ్గించుట ఖర్చు కాదు, పొదుపు.

వేడియెక్కుటను గూర్చి ఒక మాట. తెరమీది సూచిక నీటి వేడిమిని చూపును, ఆయిలు వేడిమిని కాదు. నీరు కొద్ది నిమిషములలో వేడెక్కును. ఆయిలు వెనుకబడి వచ్చును. సూచిక మధ్యకు వచ్చినను మరి కొంతదూరము నెమ్మదిగా పోవలెను. బయలుదేరుటకు పూర్వము నిలిపి వేడిచేయ నక్కరలేదు; ఒక అర నిమిషము చాలును. తరువాత మెల్లగా కదలి, దారిలోనే వేడెక్కనీయవలెను. టర్బోఛార్జరు గల ఇంజనున ఇది మరియు ముఖ్యము. ఆ చిన్న చక్రపు ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు పైబడి తిరుగును. ఆయిలు పొరయే దానికి ఆధారము. గట్టిగా నడిపి వచ్చి గుమ్మము ముందు వెంటనే ఆపివేయుట దానికి కీడు. ఇంటికి చేరు చివరి కిలోమీటరు తాపీగా నడిపినచో వేరే ఏమియు చేయ నక్కరలేదు.

పిల్లలను బడిలో దింపి రెండు కిలోమీటర్లలో తిరిగి వచ్చు ప్రయాణము లెక్కకు ప్రయాణమే గాని ఇంజను దృష్టిలో కాదు. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురియు ఈ గాలిలో తేమ కొరత లేదు. పెట్రోలు మండినప్పుడు పుట్టు నీటియావిరియు చల్లని ఇంజనులో నీరై ఆయిలులో చేరును. రింగులు ఇంకను కుదురని కాలమున పెట్రోలును కొంత క్రిందికి జారును. పూర్తిగా వేడెక్కిన నాడే అవి ఆవిరియై పోవును. కావున వారమునకు ఒకటి రెండు మారులైనను అరగంటకు తక్కువ కాకుండ నడుపవలెను. సిప్పీఘాట్ – పట్టణము దూరము అందుకు సరిగా సరిపోవును. పట్టణములోనే నివసించువారు ఆదివారమున సిప్పీఘాట్ క్షేత్రమునకు కుటుంబముతో వచ్చి పోయినచో కారునకును పిల్లలకును మేలు.

ఇంజను చెడినచో ధనము పోవును. బ్రేకు కుదురనిచో పోవునది వేరు. క్రొత్త కారు బ్రేకు తొలి 200, 300 కిలోమీటర్లవరకు తన పూర్ణబలము చూపదు. ఈ మాట కారు అమ్మువారు చెప్పరు, పుస్తకములో మాత్రము ఉండును. బలమైన కారును క్రొత్తగా కొన్నవాడు ‘పెద్ద డిస్కులు, పెద్ద ప్యాడ్లు’ అన్న ధైర్యముతో పోవును. వేగము రెట్టింపైనచో ఆపవలసిన శక్తి నాలుగింతలగును. ఆ శక్తియంతయు వేడిగా మారి డిస్కులోనే ఇంకవలెను. క్రొత్త ప్యాడ్డుకును డిస్కుకును మధ్య తగులుట ఇంకను పూర్తిగా లేదు. ప్యాడ్డులోని పదార్థము వేడిచేత డిస్కుమీదికి సన్నని, సమానమైన పొరగా చేరవలెను. ఆ పొర ఏర్పడిన పిమ్మటనే బ్రేకునకు పట్టు వచ్చును. పొర అసమానముగా పడినచో బ్రేకు వేసిన ప్రతిసారియు పెడలు వణకును. డిస్కు వంకర పోయినదని మేస్త్రీ చెప్పును గాని, చాలమారులు వంకర పోలేదు, పొర మచ్చలుగా పడినది.

దానిని సరిగా పడవేయు విధము కష్టమైనది కాదు. వేకువన, దారి ఖాళీగా నున్నప్పుడు, వెనుక ఎవరును లేరని చూచి, వేగపరిమితికి లోబడియే, గంటకు 50 కిలోమీటర్ల దరినుండి 15 వరకు గట్టిగా, కాని చక్రము బిగియకుండ, తగ్గింపవలెను. పూర్తిగా ఆపరాదు. అర కిలోమీటరు పోయి డిస్కులు కొంత చల్లారిన పిమ్మట మరల చేయవలెను. ఇట్లు ఎనిమిది పది మారులు. ఆపై బ్రేకు తగులకుండ కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లార్పవలెను. కాలుచున్న డిస్కుమీద ప్యాడ్డును నొక్కిపట్టి నిలిచినచో ఆ చోటనే మచ్చ పడును. కారు పుస్తకము వేరొక విధము చెప్పినచో దానినే అనుసరింపవలెను. బడిపిల్లలు నడచు వేళ, పశువులు అడ్డువచ్చు వేళ ఈ అభ్యాసమునకు తగవు. వర్షములో అసలే తగదు. పోటునీరు రోడ్డుమీదికి వచ్చిన చోట్ల ఆగి, నీరు తీసిన పిమ్మట పోవుట మేలు. వేడి డిస్కు ఉప్పునీట మునుగుటకన్న అరగంట ఆలస్యము చవుక.

ఓడప్రయాణమును బ్రేకులకు, టైర్లకు సంబంధించినదే. చెన్నైనుండి కాని, విశాఖపట్టణమునుండి కాని ఇచటికి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రము. ఎక్కించుటకు ముందును, దించిన తరువాతను రేవులో నిలిచిన దినములు వేరు. ఆ కాలమంతయు ఉప్పుగాలి తగిలి డిస్కులకు తుప్పు పట్టును. ఒకే తావున నిలిచిన టైరు అడుగున కొంత చదునగును. రవాణాకై కొన్నిచోట్ల గాలి హెచ్చుగా నింపి యుందురు. కారును స్వాధీనము చేసికొన్ననాడే టైర్ల గాలి కొలిపించి, క్రిందిభాగమును మంచినీటితో కడిగించవలెను. తుప్పు మొదటి నాలుగైదు బ్రేకులతో పోవును. అప్పుడు వినవచ్చు గరగర ధ్వనికి భయపడ నక్కరలేదు. టైరు అచ్చునుండి ఊడివచ్చుటకు తయారీలో పూసిన పదార్థము కొంత రబ్బరుమీద మిగిలి యుండవచ్చును. ఆ పై పొర అరుగువరకు, అనగా 500 కిలోమీటర్ల దాక, తడిరోడ్డుమీద మలుపులలో నమ్మరాదు. ఇచట రోడ్డు తడి కాని నెలలు తక్కువ.

ఆయిలు మార్పును గూర్చి వివాదము తీరలేదు. తిరగలినుండి తొలుత రాలిన పొడిని పారబోసినట్లు, తొలి ఆయిలును వెయ్యి కిలోమీటర్లకే పారబోయవలెనని పాత మేస్త్రీల మతము. వడపోత నేడు మునుపటికన్న మేలైనది. లోహపు రజను చాలవరకు అందులోనే చిక్కును. పుస్తకములో వ్రాసిన గడువుకు ముందు కర్మాగారపు తొలి ఆయిలును తీయవద్దని హోండావారు స్పష్టముగా చెప్పుచున్నారు, బి.ఎమ్.డబ్ల్యు. ‘ఎమ్’ కారునకు తీయవలసినదే. రెండును నిజమే, ఇంజనులు వేరు, ఆయిళ్లు వేరు. బావగారి కారు నియమము తమ్ముని కారునకు వర్తింపదు. దీవిలో అదనముగా చేయవలసిన దొకటి కలదు. క్రొత్త ఇంజను మొదట కొంత ఆయిలు త్రాగుట సహజము; పది దినముల కొకమారు, ఇంజను ఆపి కొంతసేపైన తరువాత, సమతలమున, పుల్ల తీసి మట్టము చూడవలెను. చూచి కిలోమీటర్లతోసహా తేదీ వ్రాసికొనవలెను. విడిభాగము ఓడమీద రావలసిన చోట, ఆ చిన్న పుస్తకము పూచీపత్రమంత పనిచేయును.

చరిత్రలోనికి ఒక అడుగు వేసినచో, బాగుగా కుదిరిన యంత్రమునకు ఒక నిదర్శనము కానవచ్చును. 1907లో రోల్స్-రాయిస్‌వారి సిల్వర్ ఘోస్ట్ కారు ఇష్టపూర్వకముగా ఆపకుండ 14,371 మైళ్లు నడిచినది. తరువాత దానిని పరీక్షకులు విప్పి చూడగా, మరల క్రొత్తదానివలె చేయుటకు కావలసిన భాగముల విలువ రెండు పౌండ్ల పైచిల్లర మాత్రమే అయ్యెను. అదే జాతికి చెందిన కారు హైదరాబాదున చౌమహల్లా ప్రాసాదములో నేటికిని చూడవచ్చును. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ 1911లో కోరగా, ఆయన మరణానంతరము ఉస్మాన్ అలీ ఖాన్ కాలమున వచ్చిన 1912 నాటి పసుపుపచ్చని సింహాసనపు కారు అది. దశాబ్దములలో అది కొన్ని వందల మైళ్లకు మించి నడువలేదని ప్రసిద్ధి. అనగా ఆ మహారాజ వాహనము, నేటి పుస్తకముల లెక్కన, ఇంకను అలవాటు కాలములోనే యున్నది!

విద్యుత్తు కార్లను గూర్చి యువకులు ప్రశ్నింతురు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ప్రక్కన విద్యుత్తు కార్ల పందెము జరిగినప్పటినుండి ఆ ఆసక్తి హెచ్చినది. ఆ కార్లలో రింగులు లేవు, సిలిండర్లు లేవు. ఇంతవరకు చెప్పినదానిలో సగము వానికి వర్తింపదు. కాని టైర్లున్నవి, బ్రేకులున్నవి. మోటారే వేగమును తగ్గించి విద్యుత్తును బ్యాటరీకి మరలించును గనుక ఆ కార్లలో బ్రేకు ప్యాడ్లకు పని తక్కువ. పని తక్కువైనచోట ఈ ఉప్పుగాలికి డిస్కు తుప్పు పట్టుట ఎక్కువ. కావున బుద్ధిపూర్వకముగా బ్రేకు కుదుర్చుకొనవలసిన అవసరము వానికే హెచ్చు.

పదిహేనువందల కిలోమీటర్లు నిండిన నాడు యాక్సిలరేటరును చివరివరకు తొక్కి చూడవలెనన్న కోరిక పుట్టును. సిప్పీఘాట్ మలుపులలో ఆ కోరికకు తావు లేదు. ఎత్తున రెండవ గేరులో మూడు నాలుగు క్షణములు నిండుగా తొక్కి విడిచినచో, వేగపరిమితి దాటకుండనే, ఇంజను తన బలమును చెప్పుకొనును. మిగిలినది బదిలీ ఉత్తరువు వచ్చిన పిమ్మట, విశాఖపట్టణమునుండి శ్రీకాకుళము పోవు రహదారిమీద, అచటి చట్టము ఒప్పినంత. అప్పుడును కారు మరల ఓడ ఎక్కి దిగియుండును. రేవు దాటకముందే టైర్ల గాలి కొలిపించి, తుప్పు పోవువరకు బ్రేకులను నాలుగైదు మారులు మెల్లగా తొక్కి, ఆ తరువాత పిల్లలను ఎక్కించుకొనవలెను.